ఎవరో అడుగుతారని రాసిన పుస్తకాలు

రాసే అలవాటు గురించి మనకు అందే సలహాలు ఎక్కువగా రచయితలవే. తెల్లవారుజామున లేవాలంటారు, రోజుకో పేజీ నింపాలంటారు, జేబులో చిన్న పుస్తకం లేకుండా గడప దాటొద్దంటారు. అవి పనికిరావని నేననను. కానీ అనంతపురంలో ఉండి ఈ సంగతిని తరచి చూస్తే ముందుగా ఎదురయ్యేది రచయితలు కారు, బోరుబావుల కింద సేద్యం చేసే రైతులు. వాళ్ల రిజిస్టర్లతో మొదలుపెట్టడమే న్యాయం.

2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడుపుకునే భూగర్భజలాల పథకం ఒకటి సాగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ ఆ జిల్లాలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాంకేతికంగా తోడు నిలిచింది. ఊళ్లలో పని స్వచ్ఛంద సంస్థలు చూశాయి. ఆరు వందలకు పైగా పల్లెల్లో ఆడా మగా రైతులు వానమాపకం దగ్గర ఏ రోజు వాన ఆ రోజు కొలిచి రాశారు. ఎంపిక చేసుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రాశారు. ఆ అంకెలు ఊరి గోడ మీద పట్టికగా ఎక్కాయి. రబీ పంటకు ముందు అందరూ ఒకచోట కూర్చుని పడిన వానెంత, భూమిలోకి దిగినదెంత, ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎన్ని నీళ్లు కావాలి అని లెక్క కట్టారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూశాక ఎవరి నిర్ణయం వాళ్లది. భారతదేశ భూగర్భజలాల మీద ప్రపంచబ్యాంకు 2010లో తెచ్చిన నివేదిక ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంది. ఆ తర్వాత ఊళ్లు తిరిగి చూసిన పరిశీలకుల్లో కొందరు ఫలితం చెప్పినంత లేదన్నారు. ప్రాజెక్టు పోయాక రాత ఎంతవరకు మిగిలిందన్న దానిపైనా ఏకాభిప్రాయం లేదు.

నీటి సంగతి నీటి నిపుణులు తేల్చుకుంటారు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. రచన అన్న ఆలోచనే లేని మనిషి, చేతికి పార తప్ప కలం అంతగా అలవాటు లేని మనిషి, ఏళ్ల తరబడి తేదీ వేసి అంకె ఎలా రాయగలిగాడు? సంకల్పబలమని నేననుకోను. పంటల లెక్కకు కూర్చున్న రోజున ఆ అంకె కోసం ఊరు అడుగుతుంది. అడిగేవాళ్లున్నారు కాబట్టి రాత ఆగలేదు. ప్రాజెక్టు ముగిసి, కూర్చుని లెక్క కట్టడం మానుకున్న చోట పుస్తకం తెరిచే కారణమే పోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: రాసే అలవాటును మనం ఒంటరి సాధనగా చూస్తూ వచ్చాం, ఈ నేల మీది ఆధారాలన్నీ మరోవైపు చూపిస్తున్నాయి.

ఈ నేలకు పుస్తకం ఎందుకంత అవసరమో ముందు చెప్పాలి. అనంతపురానికి సాలీనా సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి బలం తగ్గుతుంది. అయితే సగటు అనే అంకె రైతుకు చెప్పేది చాలా తక్కువ. ఆ వాన ఏ కార్తెలో పడింది, రెండు పదునుల మధ్య ఎన్నాళ్లు ఎండ కాసింది, శెనక్కాయ ఊడలు దిగే వేళకు నేలలో తేమ ఉందా లేదా అన్నదే పంట. ఏడాది మొత్తం వాన సగటును దాటి కూడా చేను ఎండిపోయిన సంవత్సరాలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. తేదీ లేని జ్ఞాపకం ఈ తేడాను పట్టుకోలేదు. 1876-78 నాటి మహాక్షామాన్ని జనం ధాత కరువు అని సంవత్సరం పేరుతో సహా తరతరాలు గుర్తుపెట్టుకున్నారు. అది అంత పెద్దది కాబట్టి. మామూలు కరువు అలా గుర్తుండదు. మూడేళ్లు వరసగా పంట పోతే ఆ మూడూ కలిసి ఒకే ఏడాదిగా మిగులుతాయి. పెద్ద విపత్తును మనుషుల నోరు కాపాడుతుంది, చిన్న కరువులను కాపాడేది కాగితమే.

కాగితం రాకముందూ ఇక్కడ రాత ఉంది. కడితం అనే పుస్తకాన్ని ఈ తరంలో చూసినవాళ్లు తక్కువ. పొడవాటి నూలుగుడ్డకు రెండువైపులా జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి, నల్లగా ఆరబెట్టి, మడతలు పెట్టేవారు. దాని మీద బలపంతో రాసేవారు. అక్కర తీరిన లెక్కను తుడిచేసి మళ్లీ రాయొచ్చు. మార్క్ విల్క్స్ 1810లో మైసూరు చరిత్ర ప్రచురిస్తూ ఈ గుడ్డ పుస్తకాలను వర్ణించి, కాగితం కంటే ఇవే మన్నుతాయన్నాడు. వర్తకుల పద్దులు, గ్రామ లెక్కలు వీటి మీద ఉండేవి. కరణాల దగ్గర కవిలెలు ఉండేవి. ఊరి ఎల్లలు, మాన్యాలు, చెరువులు, ఏ పాలెగాడు ఎప్పుడు వచ్చాడు, ఎప్పుడు పోయాడు అన్నవి వాటిలోకి ఎక్కేవి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో అనంతపురంలో కూర్చుని 1807 దాకా పాలించాడు. పొలం పొలానికీ కొలత, రైతు రైతుకూ పద్దు అన్న పద్ధతి ఇక్కడ వేళ్లూనింది ఆ రోజుల్లోనే. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి, ఊళ్ల చరిత్రలైన కైఫీయత్తులు రాయించారు. కరణాల కవిలెలు లేకపోతే ఆ కైఫీయత్తుల్లో సగం ఉండేవి కావు.

కరణం రాతకు రెండో ముఖం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అది అధికారి అడుగుతాడని రాసిన రాత. జమాబందీకి, అంటే శిస్తు లెక్కకు, కావలసినదే అందులోకి ఎక్కింది. పొలం దున్నినవాడి మాట, కూలికి పోయిన ఆడమనిషి మాట అందులో వినిపించదు. ఎవరు అడుగుతారన్నదే ఏది రాయాలో తేలుస్తుంది. కాబట్టి అడిగేవాళ్లు ఉండటం ఒక్కటే చాలదు, ఆ అడిగేవాళ్లు ఎవరన్నదీ ముఖ్యమే. ఇప్పుడు నోటుబుక్కు మొదలుపెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ దీన్ని మొదటి రోజునే ఆలోచించుకోవాలి.

స్నేహితుడు అడిగితే రాత ఎలా ఉంటుందో చూడాలంటే ఏనుగుల వీరాస్వామి ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం మీదుగా మన సీమ దాటుకుని కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో రాసుకున్నది కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే మిత్రుడికి పంపుతూ వచ్చారు. వీరాస్వామి పోయాక 1838లో దాన్ని అచ్చు వేయించింది ఆ మిత్రుడే. ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే ఆశ్చర్యం కలిగించేది దాని నిరాడంబరత. ఈ ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, నీళ్లు ఎలాంటివి, బస ఎక్కడ దొరికింది, దారి ఎలా ఉంది, జనం మాట ఎలా మారింది అన్న సంగతులే పేజీ తర్వాత పేజీ. వెనకాల ఇదే దారిన వచ్చేవాడికి పనికిరావాలన్న ధ్యాస ప్రతి ఊరి దగ్గరా కనిపిస్తుంది. తెలుగు వచనానికి అది తొలి పెద్ద పుస్తకాల్లో ఒకటి కావడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చదివే మనిషి ముఖం ఎదురుగా ఉన్నప్పుడు వచనం సాగదీయదు. దానికి వందేళ్ల ముందు పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లె 1736 నుంచి 1761 వరకు తమిళంలో దినచర్య రాశారు. తర్వాతి కాలంలో గురజాడ డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నారు. అవి గొప్ప ఆకరాలే. కానీ కొత్తగా రాయడం మొదలుపెట్టేవాళ్ల చేతిలో నేను పెట్టేది మాత్రం వీరాస్వామి పుస్తకాన్నే.

అనంతపురం పట్టణానికి వస్తే అడిగే మనిషి రూపం మారి వారపత్రిక అయింది. 1917 ప్రాంతంలో ఇక్కడి నుంచి ‘వదరుబోతు’ వ్యాసాలు వెలువడ్డాయి. అంతకు రెండు శతాబ్దాల ముందు లండన్‌లో స్టీలు, అడిసన్‌లు టాట్లర్, స్పెక్టేటర్ పత్రికల్లో నడిపిన తరహా వ్యాసాన్ని, ఒక ఎండుసీమ పట్టణంలో కొందరు యువకులు తెలుగులో సాధించారు. వాళ్లలో ముఖ్యులు పప్పూరు రామాచార్యులు. ఆయనే 1926లో ‘శ్రీ సాధన’ వారపత్రిక మొదలుపెట్టి దశాబ్దాలపాటు నడిపారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లారు. వారపత్రిక నడపడమంటే వారం తిరిగేసరికి పేజీలు నిండి తీరాలి. వర్షం పడనీ పడకపోనీ, చేతిలో డబ్బు ఉండనీ లేకపోనీ, అచ్చు రోజు ఆగదు. రాయలసీమ సమస్యల మీద ఆనాటి ఆలోచన ఇవాళ మనకు దొరుకుతున్నదంటే అది ఆ వారం వారం రాతకు ఉన్న పట్టుదల వల్లే. ప్రేరణ కోసం కాచుకునేవాడికి అది సాధ్యమయ్యేది కాదు.

తరిమెల అనే ఒక్క ఊరు ఈ విషయంలో రెండు పాఠాలు చెబుతుంది. 1915లో అక్కడ పుట్టిన విద్వాన్ విశ్వం, అదే ఊరివాడైన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డితో కలిసి 1938లో అనంతపురంలో నవ్యసాహిత్యమాల అనే ప్రచురణ సంస్థ నెలకొల్పారు. తర్వాత పత్రికా రంగంలోకి వెళ్లి జీవితమంతా గడువుల మధ్యే బతికారు. ఆంధ్రప్రభలో ఆయన ‘మాణిక్యవీణ’ శీర్షిక ఏళ్ల తరబడి నడిచింది. కరువుసీమ దుఃఖాన్ని రంగడు, గంగమ్మ అనే జంట బతుకులో చూపిన ‘పెన్నేటి పాట’ 1950లలో రాసిందీ ఆయనే. శీర్షికలు రాస్తే సృజన చచ్చిపోతుందని మన సాహిత్య సభల్లో తరచూ వినిపించే మాటకు విశ్వం జీవితమే జవాబు. ఆ కావ్యం శీర్షికల నుంచి పుట్టిందని నేను చెప్పడం లేదు. చేయి ఆగకుండా ఉన్న మనిషికి పెన్న ఎండిపోయిన గుండెకోత చెప్పే వేళ వచ్చినప్పుడు మాట కోసం వెతుక్కునే పని ఉండలేదు. ఇక నాగిరెడ్డి ‘తాకట్టులో భారతదేశం’ పుట్టుక ఇంకా విచిత్రం. అది హైదరాబాద్ కుట్ర కేసులో కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలం. కోర్టు అడిగింది, ముద్దాయి చెప్పాడు, అది దేశ ఆర్థిక వ్యవస్థ మీద పెద్ద పుస్తకంగా నిలిచింది.

ఇటీవలి కాలంలో శాంతినారాయణ ‘నాగలకట్ట సుద్దులు’ పత్రికా శీర్షికగా రాసినవే. అనంతపురం పల్లె జనం రచ్చకట్ట మీద కూర్చుని మాట్లాడుకునే భాషలోనే ఊరి రాజకీయం, వాన, ధరలు, చదువులు అన్నీ అందులోకి వచ్చాయి. ఈ యాసలో ఒక కథ రాయడం వేరు, వారం తర్వాత వారం రాయడం వేరు. అంత రాయాలంటే చెవి ఎప్పుడూ తెరిచే ఉండాలి, విన్నది ఎక్కడో ఒకచోట చేరుతూ ఉండాలి.

విన్నదాన్ని చేర్చుకోవడం నోటుబుక్కుకు ఉన్న అసలు పని. ఇందులో మనకు పెద్ద గురువు చిలుకూరి నారాయణరావు. ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురం దత్తమండల కళాశాలలో అధ్యాపకుడిగా స్థిరపడ్డారు. 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’ ప్రచురించిన ఆ పండితుడు సామెతలు, పలుకుబళ్లు, జానపదుల మాటలు వేలకొద్దీ పోగుచేశారు. ఈ ప్రాంతానికి ఉన్న దత్తమండలం అన్న పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకోవాలని 1928 నంద్యాల సభలో ప్రతిపాదించింది ఆయనేనని ఇక్కడివాళ్లు గౌరవంగా చెప్పుకుంటారు. బయటి ప్రాంతం నుంచి వచ్చిన మనిషి ఈ సీమ మాటను అంత శ్రద్ధగా విన్నారు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మనం రాసుకోకపోవడానికి సాకు ఏముంది? తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటి, 1971లో చేనేత పదాల సంపుటి వెలువడ్డాయి. జిల్లా జిల్లాకూ మనుషులను పంపి, రైతు నోట, సాలె నోట వచ్చిన మాటను వచ్చినట్టు రాయించి తెచ్చిన పని అది. మడక, గుంటక, గొర్రు అన్న పనిముట్లు ట్రాక్టరు వెనక్కి వెళ్లిపోతున్న ఈ రోజున వాటి భాగాల పేర్లు చెప్పగల మనుషులు ప్రతి ఊళ్లోనూ తగ్గిపోతున్నారు. ధర్మవరం మగ్గాల దగ్గరా అదే పరిస్థితి. ఊళ్లో ఒక యువకుడు తాతను అడిగి గొర్రులో ఒక్కో భాగం పేరు బొమ్మ వేసి రాసుకుంటే అది నా దృష్టిలో నాలుగు కవితల కన్నా విలువైన పేజీ.

ఈ జిల్లా కథకుల్లో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ రాసినవాళ్లే. సింగమనేని నారాయణ తెలుగు పంతులు. ‘జూదం’, ‘అనంతం’ సంపుటాల్లో కరువు సేద్యాన్ని దగ్గరగా చూపారు, ‘సీమ కథలు’ సంకలనం చేసి తోటి రచయితలను ఒకచోట చేర్చారు. బండి నారాయణస్వామి కూడా ఉపాధ్యాయుడే. పద్దెనిమిదో శతాబ్దపు హండే పాలెగాళ్ల అనంతపురాన్ని ఆయన ‘శప్తభూమి’లో నిలబెట్టారు. 2019లో ఆ నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ‘పంచమం’ రాసిన చిలుకూరి దేవపుత్ర రెవెన్యూ శాఖలో పనిచేశారు. రోజంతా పరుల కోసం రాసే ఉద్యోగం, మిగిలిన సమయంలో కథ. ఇలాంటి జీవితాలకు విదేశీ రచయితల దినచర్యలు అతికించడం కుదరదు. ఒకరి దినచర్య మాత్రం పోలికకు తగినది. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రొలప్ పోస్టాఫీసు ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసి, తర్వాత ఉద్యోగానికి వెళ్లేవాడు. ఆ సంగతి ఆత్మకథలో బయటపెట్టాక ఆయన పేరు కొంత తగ్గిందంటారు. నాకు మాత్రం గౌరవం పెరిగింది.

పరిశోధకులు ఏమంటున్నారో చూద్దాం. అలవాటు ఇరవై ఒక్క రోజుల్లో కుదురుతుందని ప్రచారంలో ఉన్న మాటకు ఆధారం లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక పని తనంతట తానే జరిగేంతగా అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదన్నది అందులో ఊరటనిచ్చే అంశం. అయితే ఆ మనుషులు ఎంచుకున్నవి నీళ్లు తాగడం, పండు తినడం, నడవడం వంటివి. రాయడం అంత తేలిక కాదు కాబట్టి ఆ 66ను రాతకు అంటగట్టడం సరికాదు.

రాత మీదే జరిగిన పరీక్ష రాబర్ట్ బోయిస్‌ది. 1983లో ప్రచురించిన ఆ అధ్యయనంలో రాయలేక ఇబ్బంది పడుతున్న 27 మంది అధ్యాపకులను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపును అత్యవసరమైతే తప్ప రాయొద్దన్నాడు. రెండో గుంపును బుద్ధి పుట్టినప్పుడు రాయమన్నాడు. మూడో గుంపు రోజూ రాయాలి, రాయకపోతే తమకు గిట్టని సంస్థకు చెక్కు వెళుతుంది. పేజీలు మూడో గుంపుకే ఎక్కువ వచ్చాయి, అది ఊహించదగ్గదే. కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. బలవంతంగా రాస్తే ఊహ ఎండిపోతుందన్న నమ్మకానికి అది పెద్ద దెబ్బ. 27 మంది అంటే చిన్న సంఖ్యేనని మరవకూడదు. కానీ వారపత్రిక గడువు, ఊరి నీటి లెక్క, స్నేహితుడి ఉత్తరం చెప్పిన దాన్నే ఆ పరీక్ష ఇంకో భాషలో చెబుతోంది. జరిమానా కన్నా స్నేహితుడు మేలు, అంతే తేడా.

మనసులోని బాధ రాసుకుంటే ఆరోగ్యం మెరుగవుతుందన్న వాదం జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించి చేసిన ప్రయోగంతో ప్రచారంలోకి వచ్చింది. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూస్తే మేలు ఉంది కానీ చాలా కొద్దిగా అని తేలింది. చేతిరాత మంచిదా, కీబోర్డు మంచిదా అన్న తగువూ తేలలేదు. 2014లో చేతిరాతే మేలని వచ్చిన ఫలితం 2019లో మళ్లీ చేసి చూసినప్పుడు అంత గట్టిగా నిలవలేదు. కాబట్టి ఫోన్‌లో రాసుకునే పిల్లలను మందలించడానికి మన దగ్గర పెద్ద ఆధారం లేదు. ఫోన్ మారినప్పుడు రాసినదంతా పోతుందన్న భయం మాత్రం నిజమైనది. దానికి తగ్గ జాగ్రత్త వాళ్లు తీసుకోవాలి.

రోజూ రాయాలా అన్నది ఇంకా మిగిలే ఉంది. విత్తు వేళ నెల రోజులు పుస్తకం ముట్టని మనిషిని సోమరి అనడం అన్యాయం. బెంగళూరుకు కూలికి వలస వెళ్లిన మనిషికి ‘రోజూ ఉదయం అదే బల్ల’ అన్న నియమం అర్థం లేనిది. ఈ నేల మీద పని రుతువులను బట్టి సాగుతుంది, రాత కూడా అలాగే సాగుతుంది. కాబట్టి రోజు లెక్కకు బదులు నేను చెప్పేది గుర్తుగల రోజులు. వాన పడిన రోజు, సంత రోజు, విత్తు వేసిన రోజు, బోరు వేయించిన రోజు, పెళ్లిబాకీ తీర్చిన రోజు. కార్తె మారిన రోజున మాత్రమే పుస్తకం తెరిచినా ఏడాదికి ఇరవై ఏడు సార్లు తెరిచినట్టు. పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇలా చేసి చూపించారు. ప్రతి సమావేశానికీ హాజరు, తీర్మానం, ఎవరికి ఎంత అప్పు ఇచ్చిందీ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. 1990ల నుంచి మన పల్లెల్లో ఆడవాళ్ల చేత, కొన్నిచోట్ల వాళ్ల కూతుళ్ల చేత, ఇంత రాత రాయించింది ఇంకేదీ లేదనుకుంటాను. దాన్ని సాహిత్యం కాదని పక్కన పెట్టేవాళ్లు ఒక్కసారి అలాంటి పుస్తకం తెరిచి, ఏ నెలలో ఎందుకోసం అప్పులు తీసుకున్నారో వరసగా చదివి చూడాలి. ఆ ఊరి ఏడాది మొత్తం అక్కడ ఉంటుంది.

ఏం రాయాలి? ఆ రోజు మనసు ఎలా ఉందో రాసే పేజీలు పదేళ్ల తర్వాత చదివితే అన్నీ ఒకలాగే ఉంటాయి. తేదీ, ఊరు, ధర, కొలత, విన్న మాట ఉన్న పేజీ ఎప్పటికప్పుడు కొత్తగా ఉంటుంది. మాటను వినిపించినట్టే రాయాలి, పుస్తకభాషలోకి దిద్దకూడదు. చార్లెస్ డార్విన్ పాటించిన నియమం ఒకటి ఇక్కడ ఎంతో పనికొస్తుంది. తన అభిప్రాయానికి ఎదురు తగిలే సంగతి కనబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడు. అనుకూలమైనవి గుర్తుంటాయి, ఎదురైనవే త్వరగా జారిపోతాయని ఆయన అనుభవం. కరువు మీద రాసేవాళ్లందరికీ ఇది అక్కర. కరువంటే ఏడుపే అన్న అచ్చులో మన రాతలు పడిపోయాయి. పంట పోయిన ఏడాదే ఊళ్లో జాతర ఘనంగా జరిగి ఉంటే, అది మన కథకు కుదరకపోయినా రాసుకోవాలి. కొర్రలు వేసి నిలదొక్కుకున్న ఇల్లు ఒకటుంటే అదీ రాసుకోవాలి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. 1990ల చివరి నుంచి రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాను వదల్లేదు. చావు జరిగిన ఇంటికి నోటుబుక్కుతో వెళ్లిన ప్రతివాడికీ ఆ ఇంటివాళ్ల పట్ల బాధ్యత ఉంది. పేరు, ఊరు మార్చకుండా వాళ్ల అప్పులనూ కొట్లాటలనూ కథలోకి ఎక్కించే హక్కు రచయితకు లేదు. మాట్లాడిన మనిషికి మనం రాసుకున్నది చదివి వినిపించడం కనీస మర్యాద. రాత ఆ ఇంటికే అక్కరకు వచ్చే సందర్భం కూడా ఉంది, అది ఎవరూ పెద్దగా చెప్పరు. 2004 జూన్‌లో ప్రభుత్వం ఇచ్చిన 421 జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి అప్పట్లో లక్ష రూపాయల సాయం, అప్పులు తీర్చడానికి మరో యాభై వేలు ఇచ్చేవారు. అది అందాలంటే డివిజన్ స్థాయి కమిటీ విచారించి కారణం సేద్యపు అప్పులేనని తేల్చాల్సి ఉండేది. బ్యాంకు బాకీకి కాగితం ఉంటుంది. నోటిమాట మీద తెచ్చిన చేబదులుకు, ఎరువుల అంగట్లో పెట్టిన ఖాతాకు ఆధారం ఏది? మగవాడు ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో ఇంట్లో ఆడమనిషికి తెలియని ఇళ్లు ఎన్నో. అందుకే సేద్యపు ఖర్చులు, అప్పులు తేదీలతో ఒక పుస్తకంలో రాయడం, దాన్ని భార్యాభర్తలిద్దరూ చూడటం, రచన గురించిన ఈ వ్యాసంలో నేను చెప్పే అన్ని మాటల్లోకీ అవసరమైనది. బడిలో ఎనిమిదో తరగతి చదివే బిడ్డ ఉన్న ఇంట్లో ఇది ఈ రోజే మొదలుకావచ్చు.

అడిగే మనిషిని ఎక్కడ వెతుక్కోవాలి అని కొత్తగా రాసేవాళ్లు నన్ను అడుగుతుంటారు. పత్రికలు తగ్గాయి, జిల్లా అనుబంధాల్లో సాహిత్యానికి చోటు తగ్గింది. అయినా ముగ్గురు నలుగురు ఉంటే చాలు. నెలకోసారి కలిసి, ఎవరి పుస్తకం నుంచి వాళ్లు ఒక పేజీ చదవాలి. కథే కానక్కర్లేదు, సంతలో విన్న నాలుగు మాటలైనా సరే. ఇద్దరే ఉంటే వీరాస్వామి, శ్రీనివాసపిళ్లె పద్ధతి ఉంది. అనంతపురం, హిందూపురం, కదిరి, గుంతకల్లు, ధర్మవరం పట్టణాల్లో ఇలా కలవడానికి గ్రంథాలయాలు ఉన్నాయి. బడి పంతుళ్లు తలుచుకుంటే పిల్లల చేత ఊరి వానపుస్తకం రాయించవచ్చు. ఒక తరగతి వదిలిన పుస్తకాన్ని తర్వాతి తరగతి అందుకుంటే పదేళ్లలో ఆ ఊరికి ఏ కార్యాలయంలోనూ లేని చరిత్ర చేతికి వస్తుంది.

చివరగా నన్ను నిలవనీయనిది రాసిన పుస్తకాలు ఎటు పోతున్నాయన్న సంగతి. కరణాల కవిలెలు మెకంజీ మనుషులు నకలు తీసిన మేరకే మిగిలాయి. సి.పి. బ్రౌన్ సొంత డబ్బు పెట్టి రాయసగాళ్ల చేత నకళ్లు రాయించకపోతే మన కావ్యాల్లో కొన్ని మనకు ఉండేవి కావు. ఆ బ్రౌన్ పేరుతో కడపలో గ్రంథాలయం నిలబెట్టడానికి జీవితం ధారపోసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి మన రాయదుర్గంలోనే పుట్టారు. ఇప్పుడు అది భాషాపరిశోధన కేంద్రంగా యోగివేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. అనంతపురంలో కూడా, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దగ్గరో జిల్లా గ్రంథాలయంలోనో, చేతిరాత పుస్తకాలు తీసుకునే ఒక గది కావాలి. రచయితల చిత్తుప్రతులతో పాటు నీటిమట్టాల రిజిస్టర్లు, సేద్యపు ఖాతాలు, పాత మినిట్స్ పుస్తకాలు కూడా తీసుకునే గది. పెద్దవాళ్లు పోయాక ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలవాడికి తూకానికి వేసే ముందు ఒక్క రోజు ఆగి, ప్రతి పుస్తకం అట్ట లోపల రాసిన మనిషి పేరు, ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది రాసిపెడితే, రేపు ఆ గది వచ్చినప్పుడు తీసుకునేవాళ్లకు పని సగం తగ్గుతుంది.